రెండు ఫర్లాంగుల ఇసక

టైర్ల కొట్టువాడు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. దానికి నేను అబద్ధం చెప్పాను. ఇన్నేళ్ళకి కూర్చుని రాసుకుంటుంటే ముందు ఆ అబద్ధమే గుర్తొస్తోంది కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

రెండువేల పద్నాలుగు ప్రాంతం. అప్పుడు నాకొక పికప్ బండి ఉండేది. నేను కాపురముండేది ఎచ్చెర్లలో. పొద్దున్నే దాని దిగువన ఉన్న మా పల్లెకి దిగి చేపలెక్కించుకుని, మీద ఐసు కొట్టి, శ్రీకాకుళం మీదుగా పాతపట్నం తీసుకెళ్ళి అక్కడి అమ్మకందార్లకి దించి, మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చేవాణ్ణి. రోజూ అదే దారి. కొండల్లో రోడ్డు పనులు చేయించే ఒకాయన దగ్గర కొన్న పాత బండి అది. నాలుగు చక్రాలూ లాగే రకం. ఆ మాట పదిమందిలో గొప్పగా చెప్పుకోవడానికి తప్ప ఆ నాలుగు చక్రాల బలం నాకెన్నడూ అక్కరకు రాలేదు. బండికి ఉన్నవి రోడ్డు టైర్లు. అవి కూడా అరిగి, అరచేత్తో నిమిరితే పలక తగిలినట్టు తగిలేవి.

శ్రీకాకుళంలో ఆ కొట్టువాడు రెండు టైర్లు గోడకి ఆనించి చూపించాడు. ఒకటి చుట్టూ నిలువు గీతలున్న రోడ్డు టైరు. రెండోది గళ్ళ టైరు. బొటనవేలంత లావు రబ్బరు దిమ్మలు, మధ్యలో వేలు దూరే సందులు. మట్టికీ, రాళ్ళకీ, ఇసకకీ, రోడ్డుకీ కూడా పనికొచ్చేది అదే. నా చూపంతా రెండోదాని మీదే ఉంది. వాడికది తెలిసిపోయి అడ్డుపడ్డాడు.

"సూడు బావా. నీ బండి రోజూ ఎంత తారు మీద ఎల్తాది, ఎంత ఇసకలో ఎల్తాది? అది సెప్పు, ఏ టైరెయ్యాలో నాను సెప్తాను."

నిజానికి పోనూ రానూ నూట అరవై కిలోమీటర్లు తారు. ఇసక అసలు లేనే లేదు. నా మనసులో ఉన్న ఇసకైతే, మా పల్లెలో రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి నీళ్ళ దాకా రెండు ఫర్లాంగులు.

"సగం సగం," అన్నాను.

వాడు వంగి నా పాత టైరు చూశాడు. "సగం ఇసకలో తిరిగిన టైరు ఇలాగుంటాదేటి? నీ మంచికే సెప్తన్నాను. తారు మీద ఈ గళ్ళు తొందరగా అరిగిపోతాయి. హోరుమని సప్పుడొస్తాది. డీజిలు ఎక్కువ తాగుతాది. వానలో బ్రేకు కొడితే రోడ్డు టైరు ఆగినట్టు ఆగదు. రోజూ తిరిగే బండికి ఈ మోజెందుకు నీకు?"

"అమ్మీవోడివి నువ్వేనా, వద్దనీవోడివి నువ్వేనా? ఎయ్యి ముందు," అని కసిరాను. నాకు కోపం తొందరగా వస్తుంది, అబద్ధమాడినప్పుడు ఇంకా తొందరగా వస్తుంది. వాడు భుజాలెగరేసి జాకీ తెచ్చాడు.

ఆ మోజెందుకో వాడికి చెప్పుకునేది కాదు. ఇక్కడ చెప్తాను. నాకు సముద్రం పడదు. వేటకెళ్ళే ఇంట్లో పుట్టి, అలల చప్పుడులో పెరిగి, పడవెక్కితే పేగులు బయటికొచ్చేలా కక్కుకునేవాణ్ణి. రెండేళ్ళు మా అయ్య పడవ మీద అలాగే ఓర్చుకున్నాను. అలవాటవుతుందన్నారు. కాలేదు. ఒకరోజు అయ్య వల మడతపెడుతూ, నా మొహం చూడకుండా, రేపట్నుంచి రావద్దులే అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి పల్లెలో నా పేరు గట్టోడు. గట్టు దాటలేనివాడని. పెళ్ళయినా, బండి కొన్నా, ఆ పేరు మాత్రం నా వెనకాలే తిరిగింది.

మా దగ్గర పడవలకి రేవు కట్టి ఉండదు. అల మీద వచ్చి ఇసకలో ఎక్కుతాయి. చేపలు దిగగానే అక్కడే వేలంపాట, అక్కడే బేరం, అక్కడే తగువు, నవ్వు. ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆ రెండు ఫర్లాంగులూ నడిచి సరుగుడు తోట దగ్గర రోడ్డు మీదున్న బండికి చేరుస్తారు. నా చోటు ఆ బండి దగ్గర. నా వాళ్ళంతా నీళ్ళ దగ్గర గోల చేస్తుంటే, ఇక్కడ నేను పెళ్ళివారి సామాను కాపలావాడిలా నిలబడి ఉండేవాణ్ణి. అక్కడి నుంచి నాకు కనిపించేవి వీపులు మాత్రమే. ఆ గుంపులో ఒకణ్ణై, కాళ్ళు తడుపుకుంటూ నిలబడాలని నాకు ఎంత ఉండేదో చెప్పలేను.

ఆ బుట్టలు మోసేవాళ్ళు పదకొండు మంది. అందులో మా అప్ప ఒకతె. అక్కని మేం అప్ప అనే అంటాం. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ చేపలమ్ముకోవడానికి ఊళ్ళమ్మట పోతే నన్ను చంకనేసుకుని పెంచింది అదే. మా బావ గుజరాత్ పడవల మీద పనికని మా పల్లె మగవాళ్ళతో వెళ్ళాడు. అందరూ వర్షాలకి ముందు తిరిగొచ్చారు, ఆయన రాలేదు. అక్కడెవరితోనో ఉంటున్నాడని తర్వాత తెలిసింది. అప్ప ఏడ్చిందో లేదో నాకు తెలీదు. మర్నాడు బుట్ట తీసుకుని ఒడ్డుకి వెళ్ళిందని మాత్రం తెలుసు. మా ఇంటికొచ్చి ఉండమని నేనూ మా ఆవిడా ఎన్నిసార్లు అడిగామో.

"నా మెడ బాగున్నన్నాళ్ళు నా కూడు నాను తింతాను. తరవాత సూద్దాం," అనేది.

మోతకి మా పల్లెలో ఒక పద్ధతుంది. కూలి ఎలాగూ ఉంటుంది. దానిపైన, మోసిన ప్రతి బుట్టలోంచి ఒక గుప్పెడు చేపలు మోసినవాళ్ళవి. పడవవాడు ఇచ్చేది కాదది. మోసినామె తన చేత్తో తాను తీసుకునేది. ఎంత పెద్ద గుప్పెడైనా ఎవరూ నోరెత్తరు, ఏ చేప తీసినా అడగరు. మా అప్ప గుప్పెడు చిన్నది. కవళ్ళు, కానాగంతలు లాంటి చౌక చేపలే ఏరేది, ఖరీదైన వంజరం జోలికి పోయేది కాదు. ఆ గుప్పెళ్ళతోనే దాని పొయ్యి వెలిగేది. మిగిలినవి ఉప్పేసి ఎండబెట్టి సంతలో అమ్ముకునేది. నేను నీళ్ళ దాకా బండి నడిపితే ఆ గుప్పెడు ఉండదని నాకు తెలియదని బుకాయించను. తెలుసు. అటు చూడలేదంతే.

ఆ రోజుల్లో మాకు రోజూ ఒక పది నిమిషాలుండేవి. చివరి బుట్ట బండిలోకి ఎత్తాక అప్ప తలగుడ్డ విప్పి, దాంతోనే మెడా మొహమూ తుడుచుకుని, బండి నీడలో చతికిలబడేది. స్టీలు క్యానులో చోడి అంబలి, అదే రాగి జావ, తెచ్చేది. మూతలో పోసి ముందు నాకిచ్చేది. నేను నిలబడి తాగేవాణ్ణి, అది కూర్చుని తాగేది. నంజుకోవడానికి ఉల్లిపాయ, ఒక్కోసారి కాల్చిన ఎండుచేప. మాట్లాడుకున్నవి ఏమంత గొప్ప విషయాలు కావు.

"ఏటిరా, మొకం అలాగున్నాది? నీ పెళ్ళాం కసిరిందేటి?"

"లేదప్పా. నిద్దర్లేదు."

"నిద్దర్లేకపోతే బండెలాగ నడుపుతావురా? దార్లో ఆపుకోని ఒక కునుకు తీ. సేపలేటీ నిన్ను తిట్టవులే."

అంతే. ఇలాంటివే. రేషను, మా అబ్బాయి చదువు, పక్కింటి కోడి. ఇప్పుడు తలుచుకుంటే నా నడివయసులో బాగున్న రోజులు అవేననిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆ పది నిమిషాల్లోనూ నా కళ్ళు దాని భుజం మీదుగా నీళ్ళ వైపే ఉండేవి.

కొత్త టైర్లతో మర్నాడు పల్లెకి వెళ్ళాను. రోడ్డు చివర ఆగలేదు. గేరు మార్చి సరుగుడు తోట పక్కనుంచి ఇసకలోకి దింపాను. మా పల్లెలో ట్రాక్టరు తోలే ప్రతివాడికీ తెలిసిన సంగతొకటుంది. ఇసకలో దిగేముందు టైర్లలో సగం గాలి తియ్యాలి. గాలి తగ్గితే టైరు పరుచుకుని ఇసక మీద తేలుతుంది, మళ్ళీ రోడ్డెక్కాక పంపుతో కొట్టుకోవాలి. నాకూ తెలుసు. కానీ కొత్త టైర్లాయె. గళ్ళ టైర్లాయె. వీటికి గాలి తియ్యడమేమిటి అనుకున్నాను. పడవ మనుషులు చూస్తుండగా వంగి గాలి తీసుకోవడం నాకు నామోషీ అనిపించింది.

ఒక ఫర్లాంగు బాగానే పోయింది. తర్వాత పొడి ఇసకలో బండి నెమ్మదించింది, నేను కోపంతో ఇంకా తొక్కాను. ఆ గళ్ళు ఇసకని పట్టుకుని ముందుకి లాగుతాయనుకుంటే, పారతో తవ్వినట్టు కిందికి తవ్వుకుంటూ పోయాయి. రెండు నిమిషాల్లో ఇరుసు ఇసకకి ఆనింది. నాలుగు చక్రాలూ లాగే బండి నాలుగు గోతుల్లో కూర్చుంది.

నీళ్ళ దగ్గర నవ్వులు మొదలయ్యాయి. పడవలున్న మావ ఒకాయన, మాకు దూరపు చుట్టం, గొంతు చాలా పెద్దది, అక్కణ్ణుంచే అరిచాడు. "ఒరే గట్టోడా, ఇక్కడికి కూడా రాలేకపోనావేటిరా!"

నేను దిగి, చేతులు రెండూ నడుం మీద పెట్టుకుని నిలబడ్డాను. చెవులు కాలిపోతున్నాయి. అప్పుడు బుట్టలు పక్కన పెట్టి ఆడవాళ్ళు వచ్చారు. ముందు వచ్చింది మా అప్ప. నా మొహం చూడలేదు, చక్రాలు చూసింది.

"గాలి తీసినావేట్రా?"

"లేదు."

"తీ మరి. సూస్తావేటి?"

నేను గాలి తీస్తుంటే వాళ్ళు చేతుల్తో ఇసక తోడారు. ఎవరో చిరిగిన వల తెచ్చి చక్రాల కింద పరిచారు. వాళ్ళలో ముసలామె ఒకర్తుండేది, పళ్ళు లేని నోటితో అందరినీ ఆడించేది. "కొత్త అల్లుడు బురదలో పడ్డట్టున్నాడు మీ తమ్ముడు," అంది మా అప్పతో. అందరూ నవ్వారు. అప్ప నవ్వలేదు. పదకొండు మందీ బండి వెనక భుజాలు ఆనించారు. నేను ఎక్కి మెల్లగా ఎక్సలేటరు తొక్కాను. బండి ఊగి, లేచి, తడి ఇసక ఎక్కి, నీళ్ళ అంచు దాకా పోయి ఆగింది. ముందు చక్రాల కింద నురుగు వచ్చి వెళ్ళింది.

ఆ పొద్దు నేనెంత సంతోషపడ్డానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. పాటలో నేనూ అరిచాను. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది. ఆ మావ వచ్చి వీపు మీద చరిచి, పడవ పక్కనుంచి నేరుగా బండిలోకి పెట్టెలు ఎత్తించాడు. చేపల మీద పావుగంట ముందే ఐసు పడింది. అంతా అయ్యాక వెనక్కి చూస్తే ఆడవాళ్ళు తమ ఖాళీ బుట్టల దగ్గర కూర్చుని ఉన్నారు. మా అప్ప తలగుడ్డ చుట్ట చుట్టుకునే ఉంది.

వారం తిరిగేసరికి పడవలవాళ్ళు మోతకి పిలవడం మానేశారు. తగువేమీ జరగలేదు. పెట్టె నేరుగా బండెక్కుతుంటే మోత ఎందుకని ఎవరికి వాళ్ళే అనుకున్నారు. నెల తిరక్కుండా ఇంకో ఇద్దరు తమ బండ్లకి గళ్ళ టైర్లు వేయించుకుని దిగారు. గుప్పెడు అన్నమాటే లేకుండా పోయింది.

నేను అప్ప దగ్గరికి వెళ్ళాను. రెండు చేతుల నిండా కవళ్ళు తీసుకెళ్ళి దాని బుట్టలో పోశాను. అది వాటిని చూసి, బుట్ట నా వైపు జరిపింది.

"మొయ్యకుండా తినీ సేప నాకెందుకురా? తీసుకుపో."

"అప్పా, నాతో బండెక్కు. పాతపట్నంలో నువ్వమ్ము, నాను నడుపుతాను."

"నీ పక్కన కూకుంటే అది నీ కూడు. నా కూడు కాదు," అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ అరిచి, ఇద్దరం తిట్టుకుని, ఏదో ఒకటి తేలేది. నా కోపమంతా తిరిగి తిరిగి నా మీదికే వచ్చింది.

అప్ప రొయ్యల షెడ్డుకి పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇంకా చీకటుండగానే హైవే మీదికి షెడ్డు బస్సు వస్తుంది. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసే పని. నేను పల్లెలోకి వచ్చేసరికి అది వెళ్ళిపోయి ఉండేది, నేను పాతపట్నం నుంచి వచ్చి ఇంట్లో పడేసరికి అది ఇంకా వచ్చేది కాదు. ఒకే దారి మీద రోజూ తిరుగుతూ ఒకరి మొహం ఒకరం చూసుకోని రోజులవి. ఎచ్చెర్ల దాటాక ఎదురుగా షెడ్డు బస్సేదొచ్చినా కిటికీల్లో వెతుక్కునేవాణ్ణి. అందరూ తలలకి ఒకేలాంటి గుడ్డలు కట్టుకుని ఉండేవాళ్ళు. ఎవరు మా అప్పో తెలిసేది కాదు.

కొట్టువాడు చెప్పినవన్నీ జరిగాయి. తారు మీద ఆ టైర్లు చెవుల్లో జోరీగలా హోరుమనేవి. ఆ హోరులో నాలో నేను మాట్లాడుకున్నా నాకు వినిపించేది కాదు. మా ఆవిడ, బండి వీధి మలుపు తిరక్కముందే నువ్వొస్తున్నావని తెలిసిపోతుంది, కూర వేడి పెట్టుకోవచ్చు, అనేది. నీళ్ళ దగ్గర నిలబడటం కూడా కొన్నాళ్ళకి మామూలైపోయింది. అక్కడి గోలలో నాతో కూర్చుని మాట్లాడేవాళ్ళెవరూ లేరు. పడవ కబుర్లు పడవెక్కేవాళ్ళవే. ఎంత తడిసినా నేను గట్టోడినే. నాకు మాత్రం బండి నీడ, క్యాను మూతలో అంబలి, "మొకం అలాగున్నాదేటి" అని అడిగే మనిషి కావాలనిపించేది. కావాలంటే కావాలి, అంతే. ఆకలేసినట్టు వేసేది.

ఏడాది కాకముందే గళ్ళు సగానికి అరిగిపోయాయి. నాలుగూ పీకించేసి గీతల టైర్లు వేయించుకున్నాను. మర్నాడు ఇసకలోకి దిగకుండా సరుగుడు తోట దగ్గర రోడ్డు మీదే బండి ఆపి నిలబడ్డాను. ఏమనుకున్నానో నాకే తెలీదు. నేను మళ్ళీ ఇక్కడ నిలబడితే బుట్టలు వాటంతటవే నడిచొస్తాయనుకున్నాను కాబోలు. చేపలు మిగతా రెండు బండ్లకి ఎక్కాయి. నేను ఖాళీగా వెనక్కొచ్చాను. రెండ్రోజులు అలా చేశాక ఆ మావ ఫోన్ చేసి, "నీకేటైనాదిరా, మతి పోనాదేటి?" అన్నాడు. మూడో రోజు, రోడ్డు టైర్లలోనే గాలి తీసుకుని తడి ఇసక వెంబడి ఎలాగో నీళ్ళ దాకా పోయాను. కడుపుంది కదా.

ఒక ఆదివారం మధ్యాహ్నం షెడ్డుకి సెలవని తెలిసి అప్ప ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది. వేళ్ళ చివర్లు నాని, తెల్లబడి, పగిలి ఉన్నాయి. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. అంబలి లేదురా, ఈ మధ్యన కాయట్లేదు అంది. నేను కూర్చున్నాను. ఏడాదిగా లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. ఆ టైర్లు వేయించకుండా ఉండాల్సిందన్నాను. నువ్వు బండి నీడలో కూర్చోకపోతే నాకు పొద్దు పొద్దులా లేదన్నాను.

అప్ప ఇంకొంచెం నూనె పోసుకుని వేళ్ళకి రుద్దుకుంది.

"ఆ పొద్దు బండి తొయ్యకుండా ఉంటే బాగుండునని మా ఆడోళ్ళు ఇప్పటికీ అంటారు," అంది. "వోళ్ళకి అప్పుడు తెలీదు. నాకు తెలుసు. బండి నీళ్ళ దాకా ఎల్తే ఇంక మా బుట్టలెవరిక్కావాలి? సెక్రాల కింద ఇసక తోడినప్పుడే తెలుసు."

"తెలిసీ ఎందుకు తోసినావప్పా?"

నా వైపు తిరిగి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"అందరూ నవ్వుతన్నారు కదరా నిన్ను."